దవాఖాన వెనక పొయ్యిలు

నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంతాల వార్తలు రాయడంలోనే గడిచింది. పంట నష్టాలు, రోడ్డు ప్రమాదాలు, మంత్రుల పర్యటనలు. తర్వాత పట్నం అంచున గాజు మేడలు లేచాయి. మా రోడ్డుకు రెండు వైపులా వెంచర్ల జెండాలు పాతుకున్నాయి. పత్రికలో మా ఊళ్ల వార్తల కంటే ప్లాట్ల ప్రకటనలకు ఎక్కువ జాగా కావలసి వచ్చింది. నన్ను పొమ్మనలేదు, రాసింది వేయడం మానేశారు. సరిగ్గా అప్పుడే వైద్య సేవల మీద పరిశోధన చేసే ఒక సంస్థ ఈ ఊళ్లు తెలిసిన మనిషి కోసం వెతుకుతోందని తెలిసి వెళ్లి చేరాను. రిటైరయ్యే దాకా అదే పని.

ఇప్పుడు సర్వేల మీద ఊళ్లకు వచ్చే పిల్లలను చూస్తుంటాను. మెడలో కార్డు, చేతిలో ట్యాబు. "అంకుల్, మీ హాస్పిటల్లో సర్వీస్ ఎలా ఉంది? ఒకటి నుంచి ఐదు దాకా ఒక నంబర్ చెప్పండి" అంటారు. నేను నాలుగు అని చెప్పి పంపిస్తాను. అంత ఎండలో నిలబడ్డ పిల్లలకు తక్కువ చెప్పబుద్ధి కాదు. వాళ్లలో ఒకరిద్దరైనా చదువుతారేమోనని ఇది రాస్తున్నాను.

మా అధ్యయనం సంగతి రెండు మాటల్లో చెప్పవచ్చు. సర్కారు దవాఖానల్లో ఉన్న సిబ్బందితో, ఉన్న డబ్బుతో రోగికి దక్కే మేలు పెంచవచ్చా అన్నదే ప్రశ్న. దీనికి ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ విరాళం ఇచ్చింది. మొయినాబాద్ నుంచి షాబాద్ దాకా కొన్ని దవాఖానలు ఎంచుకున్నారు. నేను చెప్పబోయేది అందులో ఒకటి. ఊరి పేరు రాయను. చేవెళ్ల రోడ్డుకు కొంచెం లోపలికి ఉంటుంది. కాన్పుల వార్డు ఉంది, ఒక డాక్టరు, ఒక నర్సు, ఒక ఆయా ఉన్నారు. అధ్యయనం డబ్బుతో ఇంకో నర్సును పెట్టారు. ఊళ్లవాళ్లు సిస్టరమ్మ అనేది ఈమెనే. చిక్కు ఎక్కడంటే, ఆడవాళ్లు అక్కడికి కాన్పుకు వచ్చేవారు, ప్రసవం కాగానే సాయంత్రానికి ఆటో ఎక్కి వెళ్లిపోయేవారు. బాలింతకు ప్రాణగండం ఎక్కువగా ఉండేది ఆ మొదటి రోజే. ఆ ఒక్క రోజు మంచం మీద ఉంచగలిగితే చాలు. ఉండేవారు కాదు.

మా అధ్యయనం నడిపిన మేడమ్ పట్నం డాక్టరు. తక్కువ మాట్లాడే మనిషి. మొదట్లో దవాఖాన వరండాలోనే కుర్చీలు వేసుకొని, వచ్చిపోయే వాళ్లను అడిగేవాళ్లం. ఎవరిని అడిగినా ఒకటే జవాబు. "మంచిగనే జూస్తున్నరు సార్." పక్కనే ఆయా నిలబడి వింటుంటే ఇంకేం చెబుతారు? విలేకరిగా నాకు ఇది కొత్త కాదు. సర్పంచ్ ఇంటి అరుగు మీద సర్పంచ్ గురించి అడిగితే ఇట్లాంటి మాటే వస్తుంది. మేడమ్‌కు చెప్పి నేను వరండా వదిలేశాను. సెవెన్ సీటర్ ఆటోల్లో మొయినాబాద్‌కు, కనకమామిడి స్టేజీకి తిరగడం మొదలుపెట్టాను. ఆటోలో మోకాళ్లు తగిలేటట్టు కూర్చున్నప్పుడు మనుషులు వేరేగా మాట్లాడతారు.

ఒకరోజు కనకమామిడి అవ్వ ఒకామె నా ఎదురుగా కూర్చుంది. గులాబీ తోటలో పని చేసే మనిషి, ఒళ్లో ఖాళీ గంప. కోడలు మళ్లీ నెల తప్పిందని మాటల్లో వచ్చింది.

"కాన్పుకు ఈ దవాఖానకే తీసుకొస్తవా అవ్వా?"

"తెస్త. పొద్దుగూకక ముందే తీస్కపోత."

"ఎందుకు, మంచిగ చూస్తలేరా?"

"చూడకేం! సిస్టరమ్మ బంగారం. మరి నీళ్లెట్ల పోస్తరు సారూ? బాలింతకు కాగెడు ఉడుకు నీళ్లు వొయ్యకుంటె నడుము నిలుస్తదా? ఆడ సల్లటి నల్లా తప్ప ఏమున్నది?"

కొంచెం దూరం పోయాక ఒళ్లో గంప సర్దుకుంది. తర్వాత ఆమే మళ్లీ చెప్పింది.

"మొదటి కాన్పుకు గట్లనే తీస్కపోయినం. నీళ్లు వోసి పండవెట్టిన. జరసేపయినంక చూస్తె పక్కబట్టలన్ని నెత్తురు. పట్నం దాక పిల్ల కాళ్లు ఒళ్లె పెట్టుకొని కూసున్న. దేవుని దయ, దక్కింది."

"మరి ఈసారి కూడ తీసుకపోత అంటున్నవు?"

"ఏం జెయ్యాల్నో నువ్వే జెప్పు. దవాఖానల ఉంటె నీళ్లు లేవు. ఇంట్ల ఉంటె డాక్టరు లేడు."

మా ప్రశ్నలన్నీ మందుల గురించి, మర్యాద గురించి, ఎంతసేపు నిలబెట్టారన్న దాని గురించి. వేడి నీళ్ల మాట ఎక్కడా లేదు. మేడమ్‌కు ఈ సంగతి చెప్పినప్పుడు ఆమె కళ్లజోడు తీసి తుడుచుకుంది. మరునాడే దవాఖానకు వచ్చింది.

అక్కడి డాక్టరు చెడ్డవాడు కాదు. హస్తవాసి మంచిదని చుట్టుపక్కల పేరు. కానీ సర్కారు కొలువులో తల నెరిసిన మనిషి. పైవాళ్లు వస్తే గోడ మీద ఏం కనబడుతుందన్నదే ఆయన ఫికర్. ఎప్పుడో ఒక తనిఖీలో కిటికీ మీద పాన్ మరక కనబడిందని మెమో తిన్నాడట. ఇటుకలు పెట్టి మూయించిన ఆ కిటికీ ఎక్కడుండేదో నాకు రెండుసార్లు చూపించాడు.

"దవాఖానల పొయ్యేంది మేడమ్? ఇయ్యాల నీళ్లు కాగవెడ్తరు, రేపు అన్నం వండుతరు."

"వండుకోనివ్వండి. మనిషి మంచం మీద ఉండాలి, అంతే."

వార్డు వెనక రేకుల షెడ్డు వేసి మూడు పొయ్యిలు పెట్టించాం. గాలి ఎటు వీస్తుందో మాలో ఒక్కరమూ చూడలేదు. మొదటి వారం పొగంతా కాన్పుల గదిలోకి వచ్చింది. లోపల బాలింతలు, బయట అవ్వలు అందరూ దగ్గుతుంటే, మధ్యలో ఆయా మా సంస్థను, మా వంశాలను కలిపి తిట్టింది. షెడ్డు ఊడదీసి ప్రహరీ మూలకు మార్చాం.

ఆ తర్వాత వార్డు తీరే మారిపోయింది. కుట్లు పడ్డవాళ్లకు నీళ్లు ఎట్లా పోయాలో సిస్టర్ దగ్గరుండి చెప్పేది. అవ్వలు ఆమె మాట సగం వినేవారు, మిగతా సగం ఆమెకే నేర్పేవారు. పొయ్యి వంతుల కోసం పోట్లాటలు, కట్టెలు మాయమైతే పంచాయితీలు. వీటన్నిటి నడుమ బాలింతలు ఒక రోజు, రెండు రోజులు ఉండసాగారు. నెత్తురు ఆగనివాళ్లను ఆటోలో పట్నం ఉరికించడం తగ్గింది. అధ్యయనానికి కావలసింది అదే.

అప్పుడు కమిటీ వస్తుందని కబురొచ్చింది. విరాళమిచ్చిన కంపెనీ తరఫున ఒక పెద్దాయన, ఆయనతో పాటు ఇద్దరు నిపుణులు. రెండో నర్సు జీతం కొనసాగించాలా, లేక ఈ కాన్పుల వార్డు ఎత్తేసి చేవెళ్లలోని పెద్ద దవాఖానలో కలపమని సర్కారుకు సిఫారసు చేయాలా అన్నది వాళ్లు తేల్చాలి. కలిపితే కనకమామిడి లాంటి ఊళ్లకు దూరం పెరుగుతుంది. దూరం పెరిగితే కొందరు ఇంట్లోనే కంటారు. ఇందులో లెక్కలు వేయవలసిందేమీ లేదు.

ముందు రోజు నేను షాబాద్ దవాఖాన పని మీద ఉన్నాను. కమిటీ వచ్చే రోజు పొద్దున దవాఖానలో అడుగుపెట్టి చూస్తే నేను తప్పు చోటికి వచ్చానేమో అనిపించింది. గేటు నుంచి మెట్ల దాకా ముగ్గు. ఫినాయిల్ వాసన. మంచాల మీద ఇస్త్రీ మడతలు పోని తెల్ల దుప్పట్లు. మనుషులు లేరు. వెనక్కి వెళ్లాను. షెడ్డు కింద నేల కడిగి ఉంది. పొయ్యిలు లేవు.

డాక్టరు కొత్త చొక్కాలో ఎదురొచ్చాడు.

"ఎట్లున్నది? అద్దమోలె ఉన్నది గదా!"

"పొయ్యిలేవి సార్?"

"పీకించిన. రాళ్లు గోడవతల ఏయించిన. పెద్దోళ్లొస్తున్నరు, ఆ మసి, ఆ బూడిది చూస్తె ఏమనుకుంటరు?"

"మరి మనుషులు?"

"ఇద్దరు బాలింతలుండె, డిశ్చార్జ్ చేసిన. కనకమామిడి అవ్వ కోడలు ముందుగాలనే వొచ్చి చేరింది గదా, ఆమెకు ఇంక నొప్పులు మొదలుగాలే. ఎల్లుండి రమ్మని పంపిన."

సిస్టర్ మందుల అల్మారా దగ్గర నిలబడి సీసాలు సర్దుతోంది. మా వైపు తిరగకుండానే అంది. "మొదటి కాన్పుకు చావు దాక పోయొచ్చిన పిల్ల. నేన్ జెప్పిన. ఇన్నరా?"

"నువ్వు జర ఆగమ్మా. ఒక్కరోజు ముచ్చటే గదా" అన్నాడు డాక్టరు.

ఆయన మోసం చేయాలనుకోలేదు. ఇంటికి చుట్టాలొస్తే ఇల్లాలు ఎండేసిన బట్టలు తీసినట్టు తీశాడు. ఆయన కొలువంతా అదే నేర్పింది. తనిఖీ అంటే దవాఖాన దవాఖానలా కనబడకూడదు.

కమిటీ ఎండెక్కాక తెల్ల క్వాలిస్‌లో దిగింది. పెద్దాయన నెమ్మదస్తుడు, ప్రతి గదీ ఓపికగా చూశాడు. దుప్పటి అంచు వేలితో పట్టుకొని చూశాడు. వెనక షెడ్డు కింద నిలబడి, ఇది పార్కింగా అని అడిగాడు. ఆఖరికి డాక్టరు గదిలో కూర్చున్నాక అన్నాడు.

"వెరీ క్లీన్. ఇంత నీట్‌గా ఉన్న గవర్నమెంట్ హాస్పిటల్ నేను చూడలేదు. కానీ పేషెంట్లు ఏరి? యుటిలైజేషన్ లేదు కదా."

మేడమ్ తన చార్టులు తీసింది. ఎంతమంది వచ్చారో, ఎంతమంది ఉన్నారో చూపించింది. ఆయన అన్నీ చూసి పక్కన పెట్టాడు.

"చార్టులు మా ఆఫీసులో కూడా చాలా అందంగా వస్తాయి మేడమ్. నేను కళ్లతో చూసింది ఖాళీ మంచాలు. చేవెళ్లలో కలిపేస్తే ఇదే డబ్బు ఎక్కువ మందికి పనికొస్తుంది కదా."

న్యాయంగా చెప్పాలంటే, చూసినదాన్ని బట్టి ఆయన అన్నది తప్పేమీ కాదు. మేడమ్ డాక్టరు వైపు చూసింది. నిన్న జరిగింది ఆమె ఇంకా పూర్తిగా ఎరగదు. డాక్టరు పేపర్ వెయిట్ వైపు చూస్తున్నాడు.

నేను గాలి కోసం వరండాలోకి వచ్చాను. అప్పుడే లూనా మీద ఒకతను వచ్చి, స్టాండు కూడా వేయకుండా దాన్ని గోడకు ఆనించి సిస్టర్ దగ్గరికి ఉరికాడు. కనకమామిడి అవ్వ చిన్న కొడుకు.

"సిస్టరమ్మా, వదినకు పొద్దటి సంది నొప్పులు. ఊళ్లె ఉన్న ఒక్క ఆటో పూలేసుకొని పట్నం వొయింది. మా అవ్వ నిన్ను అడిగి రమ్మన్నది."

ఇప్పుడు ఫోను చేస్తే వచ్చే అంబులెన్సు అప్పుడు లేదు. సిస్టర్ ఒక్కసారి మూసిన తలుపు వైపు చూసింది. తర్వాత సంచి తీసుకొని తిన్నగా క్వాలిస్ దగ్గరికి నడిచింది. డ్రైవర్ సీటు వెనక్కి వాల్చి పడుకొని ఉన్నాడు.

"అన్నా, లే. బండి తియ్యి."

"ఏడికి? సార్లు లోపలున్నరు సిస్టర్."

"సార్లకు నొప్పులొస్తలేవు గదా. తియ్యి!"

అతను నా వైపు చూశాడు. నేను తల ఊపాను. ఆపే హక్కు నాకెంత ఉందో పంపే హక్కూ అంతే ఉంది. లూనా ముందు, క్వాలిస్ వెనక, రెండూ గేటు దాటాయి. ముగ్గు చెరిగింది.

కాసేపటికి కమిటీ బయటికి వచ్చింది. దగ్గర్లోని ఒక ఫామ్‌హౌస్‌లో వాళ్ల భోజనం సిద్ధంగా ఉందట. మెట్ల మీద ఆగిపోయారు.

"బండేది?"

డాక్టరు నన్ను చూశాడు. నేను చెప్పాను. "కనకమామిడి పోయింది సార్."

"ఎందుకు?"

"నొప్పులు పడుతున్న మనిషిని తీసుకురావడానికి. నిన్నటి దాకా ఇక్కడే ఉన్న మనిషి."

"ఇక్కడుంటే మళ్లీ తీసుకురావడమేంటి? ఎందుకు పంపారు?"

నేను జవాబు చెప్పగలిగేవాడినే. కానీ చెప్పవలసింది నేను కాదు. అప్పుడు డాక్టరే, కొత్త చొక్కా గుండీ పట్టుకొని తిప్పుతూ, చిన్నగా అన్నాడు.

"మీరొస్తున్నరని సార్."

పెద్దాయనకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆయన తిరిగి లోపలికి వెళ్లి, ఆ ఖాళీ మంచాలను ఇంకోసారి చూసి వచ్చాడు.

బండి తిరిగొచ్చింది. వెనక సీట్లో పిల్ల సిస్టర్ భుజం మీద వాలి పళ్లు బిగబట్టుకొని ఉంది. ముందు సీట్లో అవ్వ. ఆమె కాళ్ల దగ్గర కాగు, ఒళ్లో మోపెడు కట్టెలు. కంపెనీ బండి నిండా తుమ్మ బెరడు రాలింది. కోడలిని లోపలికి పంపించి, అవ్వ కట్టెలు ఎత్తుకొని అలవాటుగా వెనక్కి వెళ్లింది. వెంటనే కేక వినబడింది.

"పొయ్యేది? మొన్న ఉండె గదా! ఎవడు వీకిండు?"

కాన్పు గదిలోకి పోతున్న డాక్టరు తలుపు దగ్గర ఆగాడు.

"నేనే అవ్వా."

"పీకిన చేతులతోని నువ్వే పెట్టు మరి!"

"ముందు నీ కోడలిని చూడనియ్యి. తర్వాత నన్ను తిట్టు" అని ఆయన లోపలికి వెళ్లాడు. కొత్త చొక్కా చేతులు పైకి మడుస్తూ వెళ్లాడు.

నేనూ డ్రైవరూ గోడవతలికి పోయి రాళ్లు మోసుకొచ్చాం. మసి మా బట్టలకంటింది. అవ్వ ఒక్కో రాయీ కాలితో జరిపి, మేము పెట్టిన తీరుకు వంకలు పెట్టి, తన తీరులో పెట్టుకుంది. కమిటీ మెట్ల మీద కూర్చుంది. డ్రైవరు తాళాలు తెచ్చిచ్చినా ఎవరూ లేవలేదు. ఫామ్‌హౌస్ నుంచి ఫోను వస్తే పెద్దాయన, మీరు తినేయండి అని పెట్టేశాడు.

మగపిల్లవాడు పుట్టాడు. ఏడుపు బయటికి వినబడింది. తర్వాత మాత్రం చాలాసేపు ఎవరూ బయటికి రాలేదు. మేడమ్ కూడా లేచి లోపలికి వెళ్లింది. ఆయా బకెట్లతో రెండుసార్లు అటూ ఇటూ ఉరికింది. అవ్వ పొయ్యి దగ్గర నిలబడింది, మంట ఎగదోయడం మరిచిపోయింది. క్రితంసారి నెత్తురు ఆమె చూసిందే. ఎవరూ చెప్పకపోయినా లోపల ఏమవుతోందో ఆమెకు తెలుసు.

మేడమ్ బయటికి వచ్చినప్పుడు చేతులు తుడుచుకుంటోంది.

"ఆగింది" అంది.

పెద్దాయన లేచి నిలబడ్డాడు. "ఇంట్లో అయి ఉంటే?"

ఆమె ప్రహరీ మూల నుంచి లేస్తున్న పొగ వైపు చూపించింది.

"ఆమెను ఇక్కడ ఉంచడానికే సార్, ఆ పొయ్యిలు."

కోడలికి ఆ పూట నీళ్లు పోయవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. మరి నేను కాగవెట్టిన నీళ్లేం జెయ్యాలె అని అవ్వ తగువు పడింది. చివరికి ఆ వేడినీళ్లతో డాక్టరు చేతులు కడుక్కున్నాడు, మిగిలినవాటితో మేమందరం మసి కడుక్కున్నాం. మరునాడు సిస్టర్ పక్కనుండగా కోడలికి నీళ్లు పోశారని తర్వాత తెలిసింది. ఆ పిల్ల నాలుగు రోజులు ఉండి, తన కాళ్ల మీద నడిచి ఇంటికి ఆటో ఎక్కింది.

వార్డు ఎత్తేయలేదు. రెండో నర్సు జీతం కొనసాగింది. ఇంకో మంచి పని చేద్దామని కంపెనీ వాళ్లు తమ పేరు రాయించిన పెద్ద గీజర్ పంపారు. పొయ్యిలతో ఇక పని ఉండదనుకున్నారు. మా దగ్గర కరెంటు పోయేది పొద్దున, సాయంత్రం. బాలింతకు నీళ్లు పోసేదీ పొద్దున, సాయంత్రమే. గీజర్ పైపు మీద పసిబట్టలు బాగా ఆరేవి.

మళ్లీ ఏడాది అదే కమిటీ వస్తుందన్నప్పుడు నేను షాబాద్ పనులన్నీ మానుకొని ఒక రోజు ముందే వెళ్లి కూర్చున్నాను. డాక్టరు నన్ను చూసి నవ్వాడు.

"ఫికర్ చెయ్యకు. పేషెంట్లను పంపలే. పొయ్యిలు పీకలే."

వెనక్కి తీసుకెళ్లి చూపించాడు. పీకలేదు, నిజమే. మూడు పొయ్యిలకూ సున్నం కొట్టించాడు. అంచులకు ఎర్రమట్టి పూయించాడు. వాటి ముందు ముగ్గేయించాడు. కమిటీ చూసి పోయేదాకా ఎవరూ ముట్టించవద్దని ఆయాను కాపలా పెట్టాడు.

మరునాడు పెద్దాయన ఎక్కడా ఆగకుండా నేరుగా వెనక్కి నడిచాడు. డాక్టరు వెంట ఉరికాడు. మేం వెళ్లేసరికి ఎవరో అవ్వ మధ్య పొయ్యి మీద కాగు ఎక్కించి, ముగ్గులో గొంతు కూర్చొని మంట ఊదుతోంది. తెల్లటి సున్నం మీద మసి పైదాకా పాకింది. ఆయా ఎక్కడా కనబడలేదు. డాక్టరు జేబురుమాలు తీశాడు, తుడవడానికేనేమో.

పెద్దాయన ఆయన చెయ్యి పట్టుకొని ఆపి, ఆ మసిని కాసేపు చూశాడు.

"యుటిలైజేషన్ ఉంది డాక్టర్ గారూ" అన్నాడు.